అమ్మాయి కొరియోగ్రాఫర్ అవుతానంటోంది – పర్లాకిమిడిలో ఉండి కుదురుతుందా?

కిమిడి_అమ్మ

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు మీదున్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రెండూ మావే. మా పెద్దమ్మాయికి 19 ఏళ్లు. ఎనిమిదో ఏట నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. పాతపట్నం నుంచి మాస్టారు వారానికి రెండు రోజులు వచ్చి చెప్పేవారు. రంగప్రవేశం కూడా అయింది. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు.

మొన్న భోజనాల దగ్గర "అమ్మా, వేరేవాళ్లు కూర్చినవి ఎన్నాళ్లు ఆడతాను? ఇక నేనే కూర్చాలి" అంది. కొరియోగ్రఫీ అట. సినిమా వాళ్లు చేసేది కాదట, వేదిక మీద చేసేదట. వాళ్ల నాన్నగారు ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని లేచిపోయారు. అప్పటి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది.

నేను వద్దనను. పిల్ల ఆడుతుంటే చూసి ఏడ్చిన తల్లిని నేను. కానీ దారేదో తెలియాలి కదా. మన వైపు ఊళ్లలో ఉండి ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎక్కడ చదవాలి? తిండి పెడుతుందా? ముందు ఏం చెయ్యాలి? పెద్దలు చెప్పండి.

ఇచ్ఛాపురం_మృదంగం

అమ్మా, నేను 30 ఏళ్లుగా నాట్యానికి మృదంగం వాయిస్తున్నాను. పక్కన కూర్చుని కొన్ని వందల మంది పిల్లల పాదాలు చూశాను. కూర్చాలని అడిగే పిల్లలు ఎంతమంది అనుకున్నారు? నాకు గుర్తున్నంతలో నలుగురు. ఆపకండి.

తిండి సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను. ప్రదర్శనలతో ఇల్లు గడవదు. క్లాసులు చెప్పుకుంటే గడుస్తుంది. బరంపురంలో ఒకావిడ ఉన్నారు, నాట్యాలు కూర్చుతారు, కళాకారుల తరఫున మాట్లాడతారు. ఈ వేదికలోనే ఉన్నారు. ఆవిడ చెబితేనే బాగుంటుంది.

పాత_పంతులు

మన ఊళ్లో ఏముంది అనుకోకండమ్మా. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిందీ ఈ కొండల పక్కన ఉండే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మనం ఇటు వచ్చాం, ఆ కొండలూ ఆ మనుషులూ ఎక్కడికీ పోలేదు.

నాట్యం మాటకొస్తే, ఒడిస్సీకి ప్రపంచమంతటా పేరు తెచ్చిన సంజుక్తా పాణిగ్రాహి పుట్టింది మన గంజాం జిల్లాలోనే, 1944లో. చిన్నప్పుడే మద్రాసు కళాక్షేత్రంలో రుక్మిణీదేవి దగ్గర భరతనాట్యం నేర్చుకుని వచ్చి, ఆ తర్వాత ఒడిస్సీకే జీవితం ఇచ్చారు. చిన్న ఊళ్ల నుంచే వచ్చారు వీళ్లంతా.

బరంపురం_గజ్జెలు

మృదంగం మాస్టారు పిలిచారు కాబట్టి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది నేతపని చేసే ఇల్లు. రాజమహేంద్రవరం వైపు నుంచి మహురి రాజుల కాలంలో మగ్గాలు పట్టుకుని వచ్చామని మా పెద్దలు చెబుతారు. బరంపురం పట్టుచీర అంటే అందరికీ తెలుసు, దాని వెనక తెలుగు మాట్లాడే ఇళ్లు ఉన్నాయని కొందరికే తెలుసు. నేను చదివింది ఒడియా మీడియం. కూచిపూడి నేర్పింది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే ఒక మాస్టారు. తొమ్మిదో ఏట మొదలుపెట్టాను. ఇంట్లో మగ్గం చప్పుడు, క్లాసులో తట్టుకర్ర చప్పుడు. ఈ రెండిటి మధ్యే పెరిగాను.

నాకు 21 ఏళ్లున్నప్పుడు మా మాస్టారికి ఒంట్లో బాగాలేక మంచం పట్టారు. ఉగాదికి తెలుగు సంఘం వాళ్ల కార్యక్రమం మూడు వారాల్లో ఉంది. 11 మంది పిల్లలున్నారు. "నువ్వే ఏదో ఒకటి చెయ్యమ్మా" అన్నారు మాస్టారు మంచం మీద నుంచే. నేను చేసింది ఏమిటంటే, నేను ఆడే తరంగం తీసుకుని, ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడే భాగం తీసేసి, మిగతాదంతా 11 మందికీ అచ్చుగుద్దినట్టు నేర్పాను. మూడు వరుసల్లో నిలబెట్టాను. అందరి మొహాలూ ప్రేక్షకుల వైపే. కాలు తప్పలేదు, తాళం తప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక మా నాన్నమ్మ అడిగింది: "అంతమంది ఎందుకే? నువ్వొక్కదానివే ఆడితే సరిపోయేది కదా. వాళ్లెవరూ నాకు కనబళ్లేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్నమ్మకు శాస్త్రం తెలియదు. కానీ ఆవిడ 50 ఏళ్లు నేత చూసిన మనిషి. ఏ పోగు ఎక్కడ ఉండాలో తెలిసిన కన్ను. మర్నాడు మగ్గం దగ్గర కూర్చున్నాను. పడుగు పోగులు వందల కొద్దీ బిగించి ఉంటాయి, వాటి పనల్లా కిందికీ పైకీ లేవడమే. పేక పోగు ఒక్కటే నాడెలో కూర్చుని ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. మరి బట్ట ఎక్కడ పుడుతోంది? రెండూ కలిసే చోట.

తర్వాతి ఏడాది అదే పిల్లలతో ఇంకో అంశం చేశాను. ఎనిమిది మంది పడుగు. ఉన్నచోటే మోకాళ్లు వంచి అరమండిలోకి దిగడం, లేవడం, అంతే. ముగ్గురు పేక. వాళ్ల మధ్య నుంచి, ఒకరి ముందు నుంచీ ఒకరి వెనక నుంచీ దూరుతూ పోవాలి. మా చీరల అంచుల్లో ఫొడా కుంభ అని గుడి శిఖరాల్లాంటి వరుస ఉంటుంది. దాన్ని నేల మీద సుద్దతో గీసి, ఆ కోణాల వెంట నడిపించాను. లావుగా ఉందని ఎప్పుడూ వెనక వరుసలో ఉండే ఒక అమ్మాయి ఉండేది. ఆమె నిలబడే తీరులో ఉన్న బరువు నాకు అప్పుడే మొదటిసారి కనబడింది. ఆమెను మధ్య పడుగుగా పెట్టాను, కదలకుండా. మిగతా అందరూ ఆమె చుట్టూ తిరిగారు.

నాన్నమ్మ ఈసారి ఏమీ అనలేదు. ఆ అమ్మాయి పేరు అడిగింది.

అమ్మా, మీ పాప కూర్చాలంటోంది కదా, ముందు ఒక్క ప్రశ్న అడగండి. తను ఆడాలనుకుంటున్న స్టెప్పులు కూర్చుతుందా, ఎదురుగా ఉన్న మనిషిని చూసి కూర్చుతుందా? మొదటిది మంచి డ్యాన్సర్ పని. రెండోది కొరియోగ్రాఫర్ పని. నాకు ఒకదాని నుంచి ఇంకోదానికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

కిమిడి_అమ్మ

మీరు రాసింది పాపకు చదివి వినిపించాను. మాట్లాడకుండా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కోపం కాదు, ఆలోచనలో పడింది. మీకు నమస్కారం అండి.

నట్టువాంగం_రాయగడ

అందరూ ప్రోత్సహిస్తున్నారు కాబట్టి ఇంకో మాట కూడా ఉండాలని రాస్తున్నాను. ఎవరినీ నొప్పించాలని కాదు.

కూచిపూడి ఎన్నో తరాల వాళ్లు కాపాడుకున్న సంపద. 19 ఏళ్ల పిల్ల నేనే కూర్చుతానంటే నాకు భయం వేస్తుంది. అడవులు, అంటే నాట్యానికి మూలమైన అడుగులు, పూర్తిగా ఒంటికి పట్టాలి. పాత్రలు పాడే దరువుల తేడాలు తెలియాలి. నట్టువాంగం, అంటే చేత్తో తాళాలు పట్టి నోటితో జతులు పలుకుతూ నాట్యాన్ని నడపడం, తనే చేయగలగాలి. సాహిత్యం అర్థమవ్వాలి. అవేమీ లేకుండా గిరిజనుల ధింసా నాట్యంలో నాలుగు అడుగులు, పులివేషంలో నాలుగు అడుగులు, మధ్యలో కూచిపూడి చీర కట్టి ఫ్యూజన్ అంటున్నారు. మా రాయగడలో ఒక కార్యక్రమంలో చూశాను, నాకు కన్నీళ్లొచ్చాయి. ధింసా వాళ్లకూ మర్యాద లేదు, మనకూ లేదు. గురువు చెప్పింది ఇంకో పదేళ్లు ఆడనివ్వండి.

బరంపురం_గజ్జెలు

రాయగడ మాస్టారూ, మీ బాధలో సగం నాది కూడా. ఆ సగానికి దండం పెట్టి మిగతా సగం మీద నా మాట చెబుతాను.

నట్టువాంగం రావాలి, సాహిత్యం రావాలి. ఇందులో వాదన లేదు. తాళం చేతిలో లేనివాళ్లు పదిమందిని నడపలేరు. కానీ మనం ఇవాళ ఆడుతున్న కూచిపూడి కూడా ఒకరు కూర్చితేనే వచ్చింది కదా. ఒకప్పుడు మగవాళ్లే ఆడవేషాలు కట్టి రాత్రంతా ఆడేవారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడెమీ పెట్టి, ఆ రాత్రంతా సాగే పద్ధతిని వేదికకు సరిపడే నృత్యనాటకాలుగా మలిచారు. వాటికి సంగీతం కూర్చిన పట్రాయని సంగీతరావు గారు మన ఉత్తరాంధ్ర మనిషే. ఆయన కూర్చి ఉండకపోతే మా తరం ఆడపిల్లలం ఎక్కడ నిలబడేవాళ్లం?

ఒడిస్సీ కథా అంతే. కేలుచరణ్ మహాపాత్ర గారు చిన్నప్పుడు రాసలీల బృందంలో ఆడారు, తర్వాత కటక్‌లో నాటక కంపెనీలో తాళవాద్యం వాయించారు. తాళం చేత్తో పట్టుకున్న మనిషి కాబట్టే ఆయన కూర్చిన పల్లవులనే నాట్య అంశాల్లో పాదం ఎక్కడ పడుతుందో, నడుం ఎక్కడ ఆగుతుందో అంత కచ్చితంగా ఉంటుంది. 1950ల చివర గురువులందరూ జయంతిక అనే పేరుతో కూర్చుని, ఒడిస్సీ అంశాల వరుస ఎలా ఉండాలో మాట్లాడుకుని తేల్చుకున్నారు. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడెమీ నృత్య సదస్సు జరిపినప్పుడు ఒడిస్సీ వాళ్లూ, కూచిపూడి వాళ్లూ మాది శాస్త్రీయమే అని నిలబడి చెప్పుకోవాల్సి వచ్చింది. మనం ఎప్పుడూ ఉన్నదనుకునే సంప్రదాయం కోసం మన తాతల నాడే వాదించారు, కూర్చారు, సరిదిద్దారు.

ఇక పులివేషం. ఇది నా సొంత అనుభవం.

మా బరంపురంలో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి జాత్ర జరుగుతుంది. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు మా నేత వీధికి వస్తుంది. మొక్కుకున్న మగవాళ్లు ఒళ్లంతా పసుపు రంగు, నల్లచారలు వేయించుకుని డప్పుల మీద ఆడతారు. బాఘ నాచ అంటారు. మనవాళ్లు పులివేషం అనే అంటారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఆ పాదం నేల మీద పడే తీరు ఇంకెక్కడా లేదు. ఒక అంశంలో పెట్టాలని మనసైంది. నేనే అడుగులు కాపీ చేసి పెట్టేస్తే ఎవరూ అడిగేవాళ్లు కాదు. కానీ వెళ్లి అడిగాను. వేషం కట్టే కుటుంబంలో పెద్దాయన చాలాసేపు విని, "అది మొక్కమ్మా. రంగు వేసుకున్నాక మేం మేం కాదు. దాన్ని టిక్కెట్టు పెట్టి ఆడకూడదు" అన్నారు.

పెట్టలేదు. ఇప్పటికీ పెట్టలేదు. కానీ ఆ అడుగు చూసి చూసి నా పిల్లలకు నేల మీద బరువు దింపడం నేర్పాను. అది ఎవరి మొక్కూ కాదు. మీరు చూసిన కార్యక్రమంలో తప్పు కలపడంలో లేదు మాస్టారూ. అడక్కుండా కలపడంలో ఉంది.

నట్టువాంగం_రాయగడ

అడగడం అన్నారు చూడండి, ఆ ఒక్క మాటతో నాకు సగం బరువు దిగింది. పదేళ్లు అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటాను. నట్టువాంగం మాత్రం నేర్చుకోవాలి. పాపకు కావాలంటే నేను ఫోన్‌లో అయినా చెబుతాను.

బల్లార్ష_బిడ్డ

మేం మహారాష్ట్ర వైపు, బల్లార్షలో ఉంటం. గోదావరి దగ్గర సిరొంచలో మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు. నేను కాకతీయుల కాలం నాటి పేరిణి నాట్యం నేర్చుకున్న. నటరాజ రామకృష్ణ గారు జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం చదివి, రామప్ప గుడి బొమ్మలు చూసి ఆ నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారని మా సార్ చెప్పేటోరు. గుళ్లలో ఆడిన కళావంతుల అమ్మల దగ్గర కూర్చుని వాళ్ల నాట్యం రాసుకున్నది కూడ ఆయనే. నా దృష్టిలో కళల తరఫున మాట్లాడటమంటే అదే.

మీకు ఏ రాష్ట్రం నుంచి సాయం అందింది అక్కా? మాకు ఇటు వాళ్లు మీది తెలుగు నాట్యం అంటరు, అటు వాళ్లు మీది వేరే రాష్ట్రం అంటరు.

బరంపురం_గజ్జెలు

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. అచ్చంగా ఇదే మాట నేనూ విన్నాను. ఒక ఆఫీసులో "ఇది ఆంధ్రా నాట్యం కదా, ఇక్కడెందుకు ఇవ్వాలి" అన్నారు. సరిహద్దు దాటి ఇంకో ఆఫీసుకు వెళితే ఆధార్ కార్డు చూసి "అడ్రసు ఒడిశాది ఉంది" అన్నారు. ఇచ్ఛాపురానికీ బరంపురానికీ గంట దూరం కూడా లేదు. ఆ రోజు తిరుగు బస్సులో నేను ఏడవలేదు. కోపంతో పళ్లు నొప్పి పుట్టాయి.

కానీ నేను కళాకారుల తరఫున మాట్లాడటం మొదలుపెట్టింది నా అప్లికేషన్ వల్ల కాదు. ఒక మృదంగం వల్ల. మాస్టారు ఇక్కడే ఉన్నారు. ఆయన ఒప్పుకుంటే చెబుతాను.

ఇచ్ఛాపురం_మృదంగం

చెప్పమ్మా. చాలా ఏళ్లయింది, ఇంకా దాచుకునేదేముంది. వద్దులే, నేనే చెబుతాను.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. అటు గజపతి జిల్లా కొండల్లో కూడా చాలా ప్రాణాలు పోయాయి. మా ఇంటి పైకప్పు రేకులు లేచిపోయాయి. నాకున్నవి మూడు మృదంగాలు. ఒకటి మా గురువుగారిచ్చింది, పనస కట్టెది. రాత్రంతా వాన పడింది. తెల్లారేసరికి మూడూ నీళ్లలో ఉన్నాయి. తోలు ఉబ్బి, బిగించే పట్టీలు తెగి, ఒకటి చెక్క కూడా పగిలింది.

నష్టం రాసుకోవడానికి వచ్చినాయన మర్యాదస్తుడే. కాగితం చూపించాడు. ఇల్లు ఉంది, పంట ఉంది, పశువులు ఉన్నాయి, పడవ, వల ఉన్నాయి. "మృదంగం ఎక్కడ రాయను మాస్టారూ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన దగ్గరా లేదు. వాయిద్యం మీదే బతికేవాడిని నేను. చేపలు పట్టేవాడికి వల ఎలాగో నాకు అది అలాగ.

బరంపురం_గజ్జెలు

ఈ సంగతి మాస్టారు నాకు రెండు నెలల తర్వాత రిహార్సల్‌లో చెప్పారు, అరువు తెచ్చుకున్న మృదంగం మీద వాయిస్తూ. అంతకు ఐదేళ్ల ముందు, 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను ఒడిశా గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా క్లాసు షెడ్డు పోయింది. అప్పుడు నా షెడ్డు గురించి మాత్రమే ఏడ్చాను. నా పక్కన వాయించేవాళ్ల ఇళ్లలో ఏం పోయిందో ఒక్కరినీ అడగలేదు. 15 ఏళ్లుగా నా వెనకే కూర్చున్న మనుషులు! నాన్నమ్మ మాట మళ్లీ చెవిలో పడింది. వాళ్లెవరూ నాకు కనబళ్లేదు.

ఆ రోజు నుంచి ఒక నోట్‌బుక్ పెట్టాను. గంజాం, గజపతి జిల్లాల్లో, శ్రీకాకుళం సరిహద్దు ఊళ్లలో నాకు తెలిసిన కళాకారులెవరు, ఏం వాయిస్తారు, వయసెంత, ఏ కాగితాలున్నాయి, ఏవి లేవు. మృదంగం, వయొలిన్, పాట, సన్నాయి లాంటి మహురి, డోలు, ప్రహ్లాద నాటకం వాళ్లు, దండనాట వాళ్లు. భాషతో పనిలేదు. ఒడియా వాళ్ల పేర్లు ఒడియాలో, తెలుగు వాళ్లవి తెలుగులో రాశాను. ప్రహ్లాద నాటకం గంజాం సొత్తు, దాని పాటల్లో మన వైపు రాగాలు వినిపిస్తాయి. వాళ్ల గాయకుడొకాయన నా నోట్‌బుక్ చూసి తన గురువు పేరు కూడా రాయమన్నారు. ఆయన పోయి చాలా కాలమైనా సరే రాశాను.

అప్పుడు తెలిసింది, సగం మందికి ఉన్న పథకాలే తెలియవని. ఒడిశాలో కళాకారుల కోసం ముఖ్యమంత్రి కళాకార్ సహాయత యోజన ఉంది. 60 దాటిన కళాకారులకు కేంద్ర సంస్కృతి శాఖ సాయం ఉంది. కానీ కళాకారుడివని రుజువు ఏది అంటారు. 40 ఏళ్లు ఊరూరా వాయించిన మనిషి దగ్గర ఒక్క కరపత్రం ఉండదు. కాబట్టి నేను చేసిన మొదటి పని పాత పేపర్లు వెతకడం. పెళ్లి ఆల్బముల్లో, గుడి ఉత్సవాల ఫొటోల్లో, వెనక కూర్చున్న మనిషిని వెతకడం. అలా వెతికి కొంతమందికి కాగితాలు తయారు చేయించగలిగాం. అందరికీ కాలేదు.

రెండో పని, నా ప్రతి కార్యక్రమం కరపత్రంలో వాద్యబృందం పేర్లు నా పేరంత సైజులోనే అచ్చు వేయించడం. మూడోది, నిర్వాహకులతో డబ్బు మాట్లాడేటప్పుడు వాద్యకారుల డబ్బు ముందు రాయించుకుని తర్వాత నాది మాట్లాడటం. నాలుగోది చిన్నదే గానీ, దానికే ఎక్కువ గొడవ పడ్డాను: ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది, పక్కనే బాత్రూమ్. ఇవి లేకపోతే మా పిల్లలు వేదిక ఎక్కరని ముందే చెబుతాను. మూడు కార్యక్రమాలు పోగొట్టుకున్నాను దీనివల్ల. నాలుగో ఏడు అందులో ఒకరు ఫోన్ చేసి "గది కట్టించామండి, రండి" అన్నారు.

దీనికి అడ్వొకసీ అని పేరుందని నాకు తర్వాత తెలిసింది. నాకు అదీ కొరియోగ్రఫీలాగే అనిపిస్తుంది. వేదిక మీద ఎవరు నిలబడ్డారు, ఎవరు కనబడట్లేదు, ఎవరిని ఎక్కడికి తేవాలి అని చూడటమే కదా రెండూ.

పాత_పంతులు

అమ్మా, ఆ నోట్‌బుక్ ఒక కాపీ చేయించి ఇంకో ఇంట్లో కూడా ఉంచండి. తుఫాను ప్రాంతం మనది.

బరంపురం_గజ్జెలు

చేయించాను పంతులుగారూ. ఒకటి మా చెల్లెలి దగ్గర హైదరాబాదులో ఉంది.

గుణుపురం_వకీలు

ఈ చర్చ ఇప్పుడే చూశాను. కూర్చేవాళ్లకు పనికొచ్చే చట్టం మాట ఒకటి చెబుతాను, ఎందుకంటే మన వైపు దీని గురించి ఎవరూ అడగరు.

1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 2(హెచ్) ప్రకారం కొరియోగ్రఫీ కూడా నాటక రచన కిందికే వస్తుంది. అయితే ఒక షరతు ఉంది. అది రాతలో గానీ ఇంకో విధంగా గానీ నమోదై ఉండాలి. మనసులో ఉంటే చాలదు, పిల్లలకు నేర్పితే చాలదు. కాబట్టి పాప ఏది కూర్చినా తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోవాలి: ఎవరు ఎక్కడ నిలబడతారు, ఏ జతికి ఏ కదలిక, బొమ్మలతో సహా. వీడియో కూడా తీసి ఉంచుకోవాలి, కానీ వీడియో ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. హక్కు కూర్చిన మనిషి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. డబ్బు హక్కులు ఇంకొకరికి రాసిచ్చినా, కూర్చింది నేనే అని చెప్పుకునే హక్కు సెక్షన్ 57 కింద మిగిలే ఉంటుంది. ఆడినవాళ్లకూ, వాయించినవాళ్లకూ ప్రదర్శకుల హక్కులు వేరే ఉన్నాయి, అవి 50 ఏళ్లు.

పాత అడవులు, జతులు, సంప్రదాయ అంశాలు ఎవరి సొత్తూ కావు. వాటిని కొత్తగా కూర్చిన తీరు మాత్రమే మీది. ఎవరైనా సంస్థ వాళ్లు అగ్రిమెంట్ ఇస్తే సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఎవరికైనా చూపించండి. నాకు పంపినా చదివి పెడతాను, ఫీజు అక్కర్లేదు.

కిమిడి_అమ్మ

ఇంతమంది ఇంత ప్రేమగా రాస్తారని అనుకోలేదు. ఇంకొక్కటే మిగిలింది. చదువు సంగతి. డిగ్రీ ఆపేసి వెళతానంటుందేమోనని భయంగా ఉంది.

బరంపురం_గజ్జెలు

డిగ్రీ ఆపనివ్వకండి. ఈ మాట పాపకే నేరుగా చెబుతాను.

డిగ్రీ అయ్యాక దారులు ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాట్యంలో మాస్టర్స్ ఉంది, కూచిపూడి తీసుకోవచ్చు. తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల కోర్సులు ఉన్నాయి. భువనేశ్వర్‌లో ఉత్కళ సంగీత మహావిద్యాలయ ఉంది, కొన్నాళ్లు ఒడిస్సీ చూసి రావాలన్నా దగ్గర. కొరియోగ్రఫీ అనేదాన్ని ఒక చదువుగా మన దేశంలో నిలబెట్టినవాళ్లలో మాయారావు గారు ముఖ్యులు. ఆవిడ కథక్ డ్యాన్సర్, మాస్కో వెళ్లి కొరియోగ్రఫీ చదివి వచ్చారు. బెంగళూరులో ఆవిడ నడిపిన సంస్థ నుంచి చాలామంది వచ్చారు. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ సీసీఆర్‌టీ ద్వారా యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది, పాప వయసు సరిపోతుంది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో వాళ్ల వెబ్‌సైట్‌లో చూస్తూ ఉండాలి. అప్లికేషన్‌లో తెలుగు ఊరా ఒడియా ఊరా అని సంజాయిషీ రాయొద్దు. ఏం నేర్చుకున్నావు, ఎవరి దగ్గర, ఏం చెయ్యాలనుకుంటున్నావు, అది రాస్తే చాలు.

కానీ వీటన్నిటికంటే ముందు ఒక పని ఉంది. పాప మా దగ్గరకు ఒక ఆదివారం రావాలి. మా పిల్లలు ఆరుగురు ఉంటారు. వాళ్లకు పది నిమిషాలు ఏదైనా కూర్చి చూపించాలి. బాగా రావాలని కాదు. మొదటిసారి ఎవరికీ బాగా రాదు.

చిన్న_పడుగు

నమస్కారం అండి. నేనే ఆ పాపను. అమ్మ ఫోన్‌లో అన్నీ చదివాను, ఈ రోజే అకౌంట్ తెరిచాను. పేరు మీ పోస్ట్ చూసే పెట్టుకున్నాను, తప్పైతే మార్చేస్తాను.

అక్కా, నేను ఇన్నాళ్లూ కాగితం మీద రాసుకున్నవన్నీ నా స్టెప్పులే. అన్నిట్లో మధ్యలో నేనే ఉన్నాను. మీరు అడిగిన ప్రశ్నకు అదే నా జవాబు. అందుకే ఆ రోజు తలుపు వేసుకున్నాను. ఆదివారం వస్తాను. గుణుపురం నుంచి పూరీ వెళ్లే బండి ఎక్కి బరంపురంలో దిగుతాం. ఏం తేవాలి? గజ్జెలు, చీర, సంగీతం పెన్‌డ్రైవ్ అన్నీ సర్దుకోనా?

బరంపురం_గజ్జెలు

పేరు మార్చకు తల్లీ.

గజ్జెలు వద్దు, పెన్‌డ్రైవ్ వద్దు. మీ ఊళ్లో నువ్వు రోజూ చూసే పని ఏదైనా ఒకటి, కొంతమంది కలిసి చేసేది, ఒక పేజీ రాసుకుని రా. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏం పోతుంది, ఎవరు ఆగుతారు. అంతే.

కిమిడి_అమ్మ

ఒక సంగతి చెప్పాలి. ఆదివారం బండి టైము కనుక్కురమ్మని వాళ్ల నాన్నగారితో అన్నాను. నాకూ పాపకూ అనే చెప్పాను. కనుక్కొచ్చి, "తిరుగు బండి ఆ రోజు ఆలస్యమైతే ముగ్గురం రాత్రి ఎక్కడుంటాం?" అని అడిగారు.

ఇచ్ఛాపురం_మృదంగం

మా ఇల్లు దారిలోనే ఉంది. ముగ్గురికీ భోజనం మా ఇంట్లో. నేనూ మీతో పాటే బరంపురం బండి ఎక్కుతాను.

చిన్న_పడుగు

రాశాను అక్కా. మా సంతలో కొండల నుంచి వచ్చిన సవర అమ్మలు అడ్డాకులు కుడతారు. పదిమంది ఉంటారు, గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో ఆకుల కుప్ప. ఒకరు ఆకులు ఏరి పక్కకు తోస్తారు, మిగతావాళ్లు పుల్లతో కుడతారు. కుట్టినవి ఒకామె లెక్కపెట్టి కట్ట కడుతుంది. లెక్కపెట్టేటప్పుడు గొంతు కొంచెం పాటలా ఉంటుంది. ఆ మాటలు నాకు రావు. వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే రాసుకోవాలని అనుకుంటున్నాను.

బరంపురం_గజ్జెలు

బాగా చూశావు. అడగాలనుకోవడం ఇంకా బాగుంది. ఆ పదిమందిలో మొదట లేచేది ఎవరు? ఒకరు లేస్తే మిగతావాళ్లు ఆ ఖాళీలోకి జరుగుతారా, అలాగే వదిలేస్తారా?

చిన్న_పడుగు

అది చూడలేదు అక్కా. రేపు సంత ఉంది. పొద్దున్నే వెళ్లి కూర్చుంటాను.